పక్కవాద్యం నుండి పరంపర వరకు: లయగురువుల జీవితాలను చదవవలసిన తీరు

వ్యాససంగ్రహం:
తాళవాద్య కళాకారుల గురించి తెలుగులో వెలువడే పరిచయ వ్యాసాలు సాధారణంగా రెండు జాబితాలతో ముగుస్తాయి. మొదటిది, వారు ఏయే గాయకులకు సహకరించారన్నది. రెండవది, వారికి లభించిన సత్కారాలు. వారు ఏం వాయించారు, ఏం నేర్పారు అనే ప్రశ్నలు మిగిలిపోతాయి. కృష్ణాతీరానికి చెందిన మార్దంగికురాలు దండమూడి సుమతి రామమోహనరావు, అమెరికాకు చెందిన జాజ్ డ్రమ్స్ విద్వాంసురాలు టెరి లిన్ కారింగ్టన్ జీవితాలను పక్కపక్కన ఉంచి, వాదనం, బోధన అనే రెండింటినీ కలిపి చదివినప్పుడే లయకళాకారుల జీవితం విమర్శకు అందుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మృదంగం, జాజ్, తని ఆవర్తనం, సొల్లుకట్టు, గురుపరంపర, దండమూడి సుమతి, టెరి లిన్ కారింగ్టన్, కృష్ణాజిల్లా సంగీతం.

1. ఉపోద్ఘాతం:
చల్లపల్లి చుట్టుపక్కల గ్రామాల పేర్లు చదివితే తెలుగు సంగీత, నాట్య చరిత్రలో ఒక అధ్యాయం చదివినట్లుంటుంది. మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తుకు వస్తాడు. కూచిపూడి నాట్యానికే పేరయింది. పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిని, శ్రీకాకుళం గ్రామం పారుపల్లి రామకృష్ణయ్య పంతులును స్మరింపజేస్తాయి. త్యాగరాజస్వామి శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య వద్ద దక్షిణామూర్తి శాస్త్రి నేర్చుకున్నారు. శాస్త్రి వద్ద పంతులు, పంతులు వద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. కావేరీతీరపు సంగీతం కృష్ణాతీరానికి చేరిన మార్గం ఇది. ఈ వరుసను ఈ ప్రాంతపు సంగీతాభిమానులు తడుముకోకుండా చెప్పగలరు.

అయితే ఈ వరుసలో ఒక లోపం ఉంది. ఇందులో ఉన్నవారందరూ గాయకులో, వాగ్గేయకారులో, సంగీతాచార్యులో. వారి కచేరీలలో మృదంగం వాయించినవారు ఎవరు, వారు ఎవరి వద్ద నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు అని అడిగితే అంత సులభంగా జవాబు రాదు. పాట ఉన్నచోటల్లా లయ ఉంది. పాటకు పరంపర ఉన్నట్లే లయకూ ఉంది. కాని గాత్రపరంపర వంశవృక్షంగా మనకు గుర్తుండగా, లయపరంపర విడివిడి పేర్లుగా మాత్రమే మిగిలింది. దీనికి కారణం కళాకారుల కొరత కాదు. వారి జీవితాలను మనం చదివిన, రాసిన పద్ధతే కారణమని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ వాదనకు ఆధారంగా ఇద్దరు కళాకారిణుల జీవితాలను తీసుకుంటున్నాను. ఒకరు ఏలూరులో మొదలై విజయవాడ కేంద్రంగా మృదంగసాధన సాగించిన దండమూడి సుమతి రామమోహనరావు. మరొకరు జాజ్ డ్రమ్స్ విద్వాంసురాలు, అధ్యాపకురాలు టెరి లిన్ కారింగ్టన్. వీరిద్దరి సంగీతాల మధ్య ప్రభావ సంబంధం ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. జాజ్ విమర్శ తాళవాద్యకారులను చదవడానికి కొన్ని పద్ధతులను ఏర్పరచుకుంది. వాటిలో మనకు పనికివచ్చేవి ఏవి, పనికిరానివి ఏవి అని తెలుసుకోవడానికే ఈ తులన.

2. పరిచయ వ్యాసాల తీరు:
'పక్కవాద్యం' అనే మాటలోనే ఒక తీర్పు ఉంది. వేదిక మధ్యలో గాయకుడు, పక్కన వాద్యకారులు అన్నది కూర్చునే ఏర్పాటు. ఆ ఏర్పాటు క్రమంగా విలువల ఏర్పాటుగా మారింది. అందువల్ల మార్దంగికుని పరిచయం చేయవలసి వచ్చినప్పుడు, ఆయన ఎంతటి గాయకుల పక్కన కూర్చున్నారో చెప్పడమే ఆయన ప్రతిభకు ప్రమాణమవుతోంది. ఈ జాబితాకు విలువ లేదని అనలేం. గొప్ప గాయకులు పదే పదే ఒకరినే పిలిచారంటే ఆ వాదనంలో గుణం ఉన్నట్లే. కాని ఆ గుణం ఏమిటన్నది జాబితా చెప్పదు. చరణంలో గాయకుడు నెరవు చేస్తున్నప్పుడు ఆ మార్దంగికుడు శబ్దాన్ని ఎంత తగ్గించేవాడు? అనుపల్లవి ఎత్తుకోగానే నడకను ఎలా మార్చేవాడు? ఏ చోట వాయించకుండా ఊరుకునేవాడు? విమర్శకు కావలసిన ప్రశ్నలు ఇవి.

సత్కారాల జాబితాదీ ఇదే పరిస్థితి. 2021 పద్మ పురస్కారాలలో ఆంధ్రప్రదేశ్ నుండి కళారంగంలో ఇద్దరికి పద్మశ్రీ లభించింది. ఒకరు వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి, మరొకరు సుమతి. రామస్వామి పారుపల్లి వారి శిష్యులు. ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం నుండి, విజయవాడ కచేరీ లోకానికి చెందిన ఇద్దరు పక్కవాద్య కళాకారులకు జాతీయ గౌరవం దక్కడం చెప్పుకోదగిన సందర్భం. గాత్రం చుట్టూ అల్లిన మన చరిత్రను తిరిగి పరిశీలించడానికి అది మంచి అవకాశం కూడా. పురస్కారం ఆ ప్రశ్నకు తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లవలసింది విమర్శకులు.

3. తాళం ఎవరి చేతిలో ఉంది?
తులన సాఫీగా సాగాలంటే ముందు రెండు సంగీతాల మధ్య ఉన్న భేదాన్ని గుర్తించాలి. జాజ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో న్యూ ఆర్లీన్స్ నగరంలోని ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో రూపుదిద్దుకున్న సంగీతం. అందులో డ్రమ్స్ కళాకారుడు ఒక్కడే పలు వాద్యాలను కాళ్లతోనూ చేతులతోనూ ఏకకాలంలో వాయిస్తాడు. కాలి కింద పెద్ద డ్రమ్, మరో కాలి కింద జంట తాళాలు, చేతులకు చిన్న డ్రమ్ములు, వేలాడే ఇత్తడి పళ్లేలు. కాలప్రమాణం నిలిపే బాధ్యత ప్రధానంగా ఆయనదీ, బేస్ వాయించేవారిదీ. 1940లలో కెన్నీ క్లార్క్ ఆ బాధ్యతను కాలి కింది పెద్ద డ్రమ్ నుండి చేతి కింది ఇత్తడి పళ్లేనికి మార్చాడు. దానితో కాలికీ ఎడమచేతికీ స్వేచ్ఛ దొరికింది. మాక్స్ రోచ్ వంటి వారు ఆ స్వేచ్ఛను సంభాషణగా మలిచారు. జాజ్ తాళవాద్య చరిత్ర అంటే చాలావరకు ఈ బాధ్యతకూ స్వేచ్ఛకూ మధ్య సాగిన బేరమే.

కర్ణాటక సంగీతంలో పరిస్థితి వేరు. తాళం గాయకుని చేతిలో ఉంటుంది. సభలోని రసికులు కూడా తమ తొడపై అదే తాళాన్ని వేస్తుంటారు. కాలాన్ని అందరూ కనబడేలా మోస్తున్నారు గనుక, మార్దంగికుడు ఒక్కొక్క దెబ్బనూ లెక్కగా వినిపించి తీరవలసిన అవసరం లేదు. ఆయన కీర్తన నడకను అనుసరిస్తాడు. సాహిత్యంలో పదం విరిగే చోటును, సంగతి ముగిసే చోటును తన వాదనంతో స్ఫుటపరుస్తాడు. కృష్ణాతీరంలో మృదంగానికి మరొక పని కూడా ఉంది. కూచిపూడి ప్రదర్శనలో తాళం నట్టువాంగం చేసేవారి చేతిలో ఉండగా, మృదంగం నర్తకి పాదాన్ని అనుసరిస్తుంది. గొంతును అనుసరించే చేతికీ పాదాన్ని అనుసరించే చేతికీ శిక్షణలో భేదం ఉంటుంది. మొదటిది ఊపిరిని గమనిస్తుంది. రెండవది శరీరం బరువును గమనిస్తుంది.

ఈ భేదం వల్ల ఒక నిర్ణయానికి రావచ్చు. జాజ్ విమర్శ డ్రమ్స్ కళాకారుని అంచనా వేసేటప్పుడు, బృందం మొత్తాన్ని అతడు ఎలా నడిపించాడని అడుగుతుంది. మన విమర్శ మార్దంగికుని గురించి, పాటను అతడు ఎలా విన్నాడని అడగాలి. వినికిడి ఇక్కడ ప్రథమ ప్రమాణం. సహకరించిన గాయకుల జాబితా ఎవరిని విన్నాడో చెబుతుంది. ఎలా విన్నాడో చెప్పడం విమర్శకుని పని.

4. నోరు, చేయి – బోధనా పద్ధతులు:
రెండు సంగీతాలూ ఎక్కువగా దగ్గరయ్యేది పాఠం చెప్పే చోట. మృదంగం నేర్చుకునే పిల్లవాడు మొదట త, ది, తొం, నం అనే అక్షరాలను నోటితో పలుకుతాడు. కుడిమూత మీద ఏ వేలు ఎక్కడ పడాలి, ఎడమమూత మీద అరచేయి ఎంత తెరుచుకోవాలి అన్నవి ఆ అక్షరాలకు ముడిపడి ఉంటాయి. సొల్లుకట్టు నోటికి రానిదే చేతికి రాదన్నది గురువుల మాట. పనసచెక్క, చర్మం, కుడిమూతపై నల్లని కరణి, ఎడమమూతపై కచేరీకి ముందు అంటించే రవ్వముద్ద, ఇవన్నీ వాద్యానికి శరీరం. సొల్లు దానికి భాష.

దీనికి దగ్గరగా ఉండే పద్ధతిని అమెరికాలో అలన్ డాసన్ అనే డ్రమ్స్ గురువు పాటించారు. బోస్టన్ నగరంలోని బెర్క్లీ సంగీత కళాశాలలో ఆయన 1957 నుండి 1975 వరకు బోధించారు. పదిహేడేళ్ల వయస్సులోనే, 1963లో, మైల్స్ డేవిస్ బృందంలో చేరిన టోనీ విలియమ్స్ ఆయన శిష్యుడు. డాసన్ తన విద్యార్థులను డ్రమ్స్ వాయిస్తూ, ఆ సమయంలోనే పాట వరుసను నోటితో పాడమనేవారు. ఒంటరిగా వాయిస్తున్నా పాట ఆకృతి తప్పకూడదన్నది ఆయన నియమం. శిష్యులు రోజూ సాధన చేయడానికి ప్రాథమిక హస్తపాఠాలన్నింటినీ కలిపి ఒక సుదీర్ఘ క్రమాన్ని కూడా ఆయన కూర్చారు. మన వరుసలు, అలంకారాల సాధన వంటిదే అది.

రెండు పద్ధతులలోనూ నోరు చేతికి గురువు. అయితే పలికేది వేరు. మన విద్యార్థి నోటితో పలికేది లయాక్షరాలను. డాసన్ శిష్యుడు పలికేది పాటను. ఈ తేడా చిన్నది కాదు. సొల్లుకట్టు మీద మాత్రమే ఆధారపడిన శిక్షణ లెక్కలలో ఆరితేరిన చేతిని తయారు చేయగలదు. ఆ చేయి పాటను వినడం నేర్చుకోవాలంటే గురువు పక్కన కూర్చుని కచేరీలు వినాలి, కీర్తనలు తెలియాలి. పూర్వపు గురుకులంలో ఆ రెండవ చదువు ఇంటి వాతావరణంలోనే జరిగిపోయేది. గంటకు ఒక పాఠం చొప్పున సాగే నేటి బోధనలో అది జారిపోయే ప్రమాదం ఉంది. మృదంగ విద్యార్థికి కనీసం కొన్ని కృతులను పాడడం నేర్పడం పాఠ్యక్రమంలో భాగం కావాలనడానికి డాసన్ పద్ధతి మంచి ఉదాహరణ.

ఉత్తమ వాదకులు బోధనను తక్కువ పనిగా చూడలేదనడానికి మన నేల మీదే సాక్ష్యం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు మృదంగవాదనానికి ఒరవడి దిద్దిన పాల్ఘాట్ మణి అయ్యర్ మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో మృదంగం బోధించారు. ఆ కాలం ఆయన జీవితకథలో ఒక వాక్యంగా మిగిలిపోరాదు. అంతటి వాదకుడు బడిపిల్లల ముందు కూర్చుని మొదటి పాఠం ఎలా చెప్పి ఉంటాడన్నది సంగీతచరిత్ర అడగదగిన ప్రశ్న.

5. రెండు మృదంగాలు, ఒక వేదిక:
సుమతి తండ్రి నిడుమోలు రాఘవయ్య మార్దంగికులు. ఆమెకు తొలి గురువు ఆయనే. తరువాత ఆమె ప్రముఖ మార్దంగికులు దండమూడి రామమోహనరావు వద్ద విద్యను పెంపొందించుకున్నారు, ఆయనను వివాహం చేసుకున్నారు. దంపతులిద్దరూ పక్కవాద్యకారులుగా పేరు పొందడమే గాక, ఒకే వేదికపై రెండు మృదంగాలతో లయవిన్యాస కచేరీలు చేశారు. విజయవాడలో శిష్యులకు విద్య నేర్పారు.

ఈ ద్వంద్వ మృదంగ రూపం విమర్శకులు ప్రత్యేకంగా గమనించదగినది. మామూలు కచేరీలో తని ఆవర్తనం గాయకుడు ఇచ్చిన అవకాశం. కీర్తనో పల్లవో ముగింపుకు వస్తున్న వేళ మృదంగానికీ, ఉంటే ఘటానికీ, కంజీరకూ దొరికే కొద్ది సమయం అది. లయవిన్యాసంలో ఆ కొద్ది సమయమే కచేరీ అవుతుంది. గాయకుని పక్కన కూర్చున్న వాద్యం వేదిక మధ్యకు వస్తుంది. కనుక తాళవాద్యానికి స్వతంత్రంగా చెప్పుకోవడానికి విషయం ఉందా అనే ప్రశ్నకు ఈ రూపమే జవాబు.

దీని అంతర్నిర్మాణాన్ని కొంత వివరించాలి. ఆదితాళంలో ఒక ఆవర్తానికి 8 క్రియలు. క్రియకు 4 మాత్రల చొప్పున 32 మాత్రలు. 'తదిగిణతొం' అనే 5 మాత్రల జతిని మూడుసార్లు వాయిస్తే 15 మాత్రలు. వాటి నడుమ రెండుచోట్ల 2 మాత్రల చొప్పున విరామం ఉంచితే మొత్తం 19. దీన్ని ఆవర్తంలో 13 మాత్రలు గడిచాక ఎత్తుకుంటే, చివరి జతి పూర్తయిన వెంటనే సమం వస్తుంది. ముక్తాయింపు అంటే స్థూలంగా ఇటువంటి కూర్పు. వినేవారికి లెక్క తెలియకపోయినా, ఎక్కడికో వెళ్లిన వాదనం ఇంటికి చేరుకున్న తృప్తి కలుగుతుంది. ఖండజాతి 5, మిశ్రజాతి 7, సంకీర్ణజాతి 9 మాత్రలతో ఈ కూర్పులను ఎన్ని విధాలుగానైనా పెంచవచ్చు.

ఇద్దరు వాయిస్తున్నప్పుడు ఈ లెక్కకు సంభాషణ తోడవుతుంది. ఒకరు ఒక ఆవర్తం వాయిస్తే మరొకరు ఒక ఆవర్తం బదులిస్తారు. తరువాత అర ఆవర్తం, పావు ఆవర్తం, చివరికి ఒక్కొక్క క్రియ. ఇలా తగ్గిస్తూ వచ్చి, ఇద్దరూ కలిసి ముక్తాయింపు వాయిస్తారు. మృదంగానికి ఘటం బదులిచ్చినప్పుడు నాదభేదమే వైవిధ్యం కలిగిస్తుంది. మృదంగానికి మృదంగమే బదులిచ్చినప్పుడు ఆ సౌలభ్యం లేదు. రెండు వాద్యాలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. ఇద్దరి సొల్లు భాషా ఒకటే. అక్కడ తేడా చూపగలిగేది వేలి బరువు, ఎడమమూత గుంకీ, ఊహ మాత్రమే. ఆ ఇద్దరూ గురుశిష్యులైతే పరీక్ష మరింత కఠినం. శిష్యురాలు గురువును అనుకరిస్తే సంభాషణ ప్రతిధ్వని అవుతుంది. పూర్తిగా దూరం జరిగితే ముక్తాయింపులో రెండు చేతులూ ఒక్కటి కావు. పరంపర అంటే ఏమిటో వాక్యాలలో చెప్పడం కష్టం. ఈ రూపంలో అది చెవికి వినిపిస్తుంది. గురువు ఇచ్చినది ఎంత, శిష్యురాలు కలిపినది ఎంత అన్నది ప్రతి ఆవర్తంలోనూ తేలుతూ ఉంటుంది. అందుకే ఈ దంపతుల ద్వంద్వవాదనాన్ని కుటుంబ విశేషంగా చెప్పి ఊరుకోవడం విమర్శకు తగదు. అది బోధన వేదికనెక్కిన రూపం.

జాజ్‌లో తాళవాద్యానికి స్వతంత్ర ప్రతిపత్తి కోసం మాక్స్ రోచ్ చేసిన కృషి ఇక్కడ గుర్తుకు వస్తుంది. డ్రమ్స్ కోసమే ఆయన స్వతంత్ర రచనలు చేశారు. 1970లో తాళవాద్యకారులతోనే 'ఎంబూమ్' అనే బృందాన్ని స్థాపించారు. ఆ తరువాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. వాద్యాన్ని పక్క నుండి మధ్యకు తెచ్చిన కళాకారుడే తరగతి గదిలోకి కూడా వెళ్లడం యాదృచ్ఛికం కాదు. తన వాద్యానికి స్వయంగా చెప్పుకునే విషయం ఉందని నమ్మినవారే దానిని విద్యగా బోధించగలరు.

6. పేరు, పరంపర, స్త్రీ:
పద్మ పురస్కారాల అధికారిక జాబితాలో ఉన్న పేరు నిడుమోలు సుమతి. కచేరీలోకం ఎరిగిన పేరు దండమూడి సుమతి రామమోహనరావు. ఒకటి తండ్రి ఇంటిపేరు, మరొకటి భర్త ఇంటిపేరు. ఇంటిపేర్లు ఊళ్ల నుండి పుట్టడం తెలుగునాట పరిపాటి. మొవ్వ మండలంలోనే నిడుమోలు అనే ఊరుంది. ఘంటసాల అనే ఊరిపేరు ఒక మహాగాయకుని ఇంటిపేరుగా తెలుగువారందరికీ తెలుసు. సుమతి విషయంలో విశేషమేమంటే, ఆమె రెండు ఇంటిపేర్లూ ఇద్దరు మృదంగ గురువులవి. తండ్రీ గురువే, భర్తా గురువే. కనుక ఆమె పేరు చెప్పినప్పుడల్లా పరంపర దానంతటదే పలుకుతుంది. అయితే అందులో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఫలానావారి కుమార్తె, ఫలానావారి శిష్యురాలు, ఫలానావారి భార్య అని చెప్పడంతోనే పరిచయం పూర్తయినట్లు తోచవచ్చు. ఆమె నుండి మొదలయ్యే పరంపర, అనగా ఆమె శిష్యుల వరుస, అక్కడ చోటు కోల్పోతుంది. పురుషుల విషయంలో పరంపర ఇరువైపులా రాస్తాం. గురువులు ఎవరో, శిష్యులు ఎవరో చెబుతాం. స్త్రీల విషయంలో తరచుగా ఒకవైపే రాస్తాం.

మృదంగం పురుషులదే అన్న భావన దక్షిణాదిలో చాలాకాలం బలంగా ఉండేది. పుదుక్కోట్టై దక్షిణామూర్తి పిళ్ళై శిష్యురాలు రంగనాయకి అమ్మాళ్ ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలోనే మృదంగ విదుషిగా నిలిచినా, ఆ దారిలో వెంటనే వరుసకట్టి నడిచినవారు లేరు. ఒక స్త్రీ వేదికనెక్కడం మినహాయింపుగా మిగిలిపోకుండా పరంపరగా మారాలంటే ఆమె గురువు కూడా కావాలి. వేదికపై ఆమెను చూసి ఒక బాలిక ఆశపడుతుంది. ఆమె ముందు కూర్చుని నేర్చుకున్న బాలిక మార్దంగికురాలవుతుంది.

టెరి లిన్ కారింగ్టన్ జీవితం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆమె 1965లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి శాక్సఫోన్ వాదకుడు. తాత డ్రమ్స్ కళాకారుడు. ఏడేళ్ల వయస్సులో తాతగారి డ్రమ్స్ ఆమె చేతికి వచ్చాయి. అలన్ డాసన్ ఆమెకు కూడా గురువు. 1962లో డ్యూక్ ఎలింగ్టన్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ కలిసి రికార్డు చేసిన 'మనీ జంగిల్'ను ఆధారంగా చేసుకుని ఆమె రూపొందించిన ఆల్బమ్‌కు 2014లో గ్రామీ లభించింది. జాజ్ వాద్యసంగీత ఆల్బమ్ విభాగంలో ఆ పురస్కారం ఒక స్త్రీకి దక్కడం అదే మొదటిసారి. మాక్స్ రోచ్ కూర్చున్న ఆసనంలో ఆమె కూర్చున్నారన్నమాట. సుమతికి పద్మశ్రీ ప్రకటించిన 2021లోనే కారింగ్టన్ అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఇచ్చే 'జాజ్ మాస్టర్' గౌరవాన్ని అందుకున్నారు.

ఇద్దరి ఆరంభాలలో ఎంత పోలిక ఉన్నదో సులభంగా కనబడుతుంది. ఇంట్లో వాద్యం, పెద్దల చేతి నుండి బాల్యంలోనే అందిన విద్య, ఆపై సమర్థుడైన గురువు. ఈ పోలికలో ఒక హెచ్చరిక దాగి ఉంది. ఇంట్లో వాద్యం ఉన్న బాలికకు మాత్రమే ఈ దారి తెరుచుకుంటే, అది ప్రతిభకు సాక్ష్యమే గాక లోకం ఎంత మూసుకుని ఉందో చెప్పే సాక్ష్యం కూడా. ఇంట్లో మృదంగం లేని బాలిక సంగతేమిటి? కారింగ్టన్ ఈ ప్రశ్నను సంస్థగా మార్చారు. 2018లో బెర్క్లీ కళాశాలలో జాజ్, లింగన్యాయం అనే అంశాలపై ఒక కేంద్రాన్ని స్థాపించారు. జాజ్ విద్యార్థులు నేర్చుకునే ప్రామాణిక పాటల సంపుటాలలో స్త్రీల రచనలు అరుదుగా ఉండడాన్ని గమనించి, 2022లో స్త్రీలు రచించిన 101 బాణీలను ఒక సంపుటంగా వెలువరించారు. పాఠ్యక్రమం మారనిదే పరంపర మారదని ఆమె గ్రహించారు. వాదకురాలి జీవితంలో ఇది అనుబంధం కాదు, ఆమె విమర్శనాత్మక కృషిలో ముఖ్యభాగం.

మన సందర్భంలో ఆ పని గురువుల ఇళ్లలో, చిన్న తరగతి గదులలో, ఎక్కడా నమోదు కాకుండా జరుగుతోంది. రూపం వేరైనా విలువ తక్కువ కాదు. నమోదు కాకపోవడమే నష్టం.

7. సంస్థలు, నమోదు:
లయవిద్య సంస్థలలో ఎలా నిలుస్తుందనడానికి అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయం అరుదైన ఉదాహరణ. పళని సుబ్రమణ్య పిళ్ళై శిష్యుడు టి. రంగనాథన్ అక్కడ 1960లలో మృదంగ బోధన ప్రారంభించారు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన జాజ్ డ్రమ్స్ విద్వాంసుడు ఎడ్ బ్లాక్‌వెల్ 1970ల నుండి అదే ప్రాంగణంలో బోధించారు. ఒకే సంస్థలో రెండు లయసంప్రదాయాలు పక్కపక్కన నడిచాయి. మృదంగం అక్కడ గాత్రానికి అనుబంధంగా కాక, స్వయంగా ఒక అధ్యయన విషయంగా నిలిచింది.

మనకూ సంస్థలు ఉన్నాయి. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం కృష్ణాతీరపు వాద్యకారులకు వేదికైంది, జీవనాధారమైంది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్. ఆయన స్వయంగా మృదంగం, కంజీర వాయించగలిగినవారు కావడం ఇక్కడ గమనించదగిన సంగతి. ఇంత ఉన్నా, లయకు సంబంధించిన నమోదు మన వద్ద బలహీనంగానే ఉంది. కీర్తనకు స్వరలిపి ఉంటుంది. తని ఆవర్తనం ఆ సాయంత్రంతో ముగుస్తుంది. జాజ్ పరిశోధకులు డ్రమ్స్ వాదనాన్ని రికార్డుల నుండి లిపిలోకి ఎత్తి రాస్తారు, వాదకుల జ్ఞాపకాలను సంభాషణలుగా భద్రపరుస్తారు. ఈ రెండు పద్ధతులనూ మనం స్వీకరించవచ్చు. మన సొల్లుకట్టే సిద్ధంగా ఉన్న లిపి. తెలుగు అక్షరాలలో దాన్ని రాయడానికి కొత్త చిహ్నాలతో పని లేదు.

ఈ దిశగా మూడు పనులను ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, ఆకాశవాణి రికార్డింగులలోని తని ఆవర్తనాలను సొల్లులలో రాసి, తాళం, నడక, ముక్తాయింపు వివరాలతో సంకలనం చేయడం. రెండవది, ఒక్కొక్క గురువు మొదటి ఏడాది చెప్పే పాఠాలను వరుసక్రమంలో నమోదు చేయడం. ఏ పాఠం ముందు, ఏది తరువాత అన్నదానిలోనే ఆ బాణీ రహస్యం ఉంటుంది. మూడవది, లయపరంపరల వంశవృక్షాలను ఇరువైపులా, స్త్రీ పురుష భేదం లేకుండా రాయడం. కూచిపూడి ప్రదర్శనలకు వాయించినవారిని, హరికథలకు వాయించినవారిని, ఆలయాలలో డోలు వాయించినవారిని కూడా ఇందులో చేర్చాలి. కచేరీ మృదంగం ఒక్కటే లయ కాదు.

8. ముగింపు:
తాళవాద్య కళాకారుని జీవితాన్ని మూడు ప్రశ్నలతో చదవవచ్చునని ఈ వ్యాసం సూచించింది. ఇతరుల పాటను ఎలా విన్నారు? స్వతంత్రంగా వాయించే అవకాశం దొరికినప్పుడు ఏం చెప్పారు? తరువాతి చేతులకు ఏం అందించారు? సహకరించిన గాయకుల జాబితా మొదటి ప్రశ్నకు సగం జవాబు మాత్రమే ఇస్తుంది. మిగిలిన రెండింటినీ అది తాకదు. సుమతి జీవితంలో రెండవ ప్రశ్నకు జవాబు ద్వంద్వ మృదంగ వేదికపై ఉంది. మూడవదానికి జవాబు ఆమె శిష్యుల చేతులలో ఉంది. కారింగ్టన్ జీవితంలో ఆ రెండు జవాబులూ రికార్డులుగా, పుస్తకంగా, సంస్థగా కనబడుతున్నాయి. ఈ తేడా కళాకారిణుల స్థాయికి సంబంధించినది కాదు. చుట్టూ ఉన్న సమాజం ఎంత శ్రద్ధగా రాసిపెట్టిందన్నదానికి సంబంధించినది.

గాత్రపరంపరను ఐదు తరాల దాకా చెప్పగలిగిన ఈ ప్రాంతం లయపరంపరను కూడా అంత నిండుగా చెప్పగలగాలి. నేర్పిన గురువులు, నేర్చుకున్న శిష్యులు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వారి ఎదుట కూర్చుని, మొదటి పాఠం ఏమిటని అడగడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.